రామరాజును చంపిందెవరు? – చారిత్రక నాటకకర్త బాధ్యత

పౌరాణిక నాటకానికి వెళ్ళిన ప్రేక్షకుడు భక్తితో కూర్చుంటాడు. సాంఘిక నాటకానికి వెళ్ళినవాడు తన యింటి గొడవ రంగస్థలం మీద చూసుకోవడానికి కూర్చుంటాడు. చారిత్రక నాటకానికి వెళ్ళినవాడి స్థితి ఈ రెంటికీ భిన్నమైంది. అతను నమ్మకంతో కూర్చుంటాడు. తెర లేవకముందే అతని మనస్సులో “ఇది జరిగింది” అనే మాట స్థిరపడి వుంటుంది. రాజు పేరు నిజం, కోట పేరు నిజం, యుద్ధం జరిగిన సంవత్సరం నిజం. వాటితోపాటు కవి కల్పించిన విషప్రయోగం, ద్రోహం, శపథం కూడా నిజాలుగానే అతని బుర్రలోకి చేరతాయి. పదేళ్ళు గడిచాక, ఏది శాసనంలో వున్నదో, ఏది కవి చేర్చినదో అతనికి జ్ఞాపకం వుండదు. తరగతిగదిలో మేము చెప్పే చరిత్ర పరీక్ష మర్నాడే మాసిపోతుంది. నాటకంలో చూసిన చరిత్ర చచ్చేదాకా వుంటుంది.

అంటే చారిత్రక నాటకకర్త చరిత్ర దగ్గర ఒక పరపతిని అప్పు తెచ్చుకుంటున్నాడన్నమాట. అప్పు అన్న తరువాత తీర్చే బాధ్యత వుంటుంది. ఎవరికి తీర్చాలి? చచ్చిపోయిన రాజుకా? ఆ రాజును తలచుకొని గర్వించే జాతికా? టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడికా? లేక ఆ నాటకం దోషిగా నిలబెట్టిన పాత్రతో పేరో, మతమో, కులమో పంచుకొని, అదే హాలులో వెనుక వరసలో కూర్చున్న మనిషికా? ఈ ప్రశ్న సాహిత్యశాస్త్రానిది మాత్రమే కాదు, నీతిశాస్త్రానిది కూడా.

మన ఆలంకారికులు ఈ ప్రశ్నను ఎరుగుదురు. నాటకానికి ఇతివృత్తం ప్రఖ్యాతమై వుండాలన్నారు. అంటూనే, ఆ ప్రఖ్యాత కథలో నాయకునికి అనుచితమైంది గాని రసానికి విరుద్ధమైంది గాని వుంటే దాన్ని వదిలేయవచ్చు, లేదా మార్చుకోవచ్చు అని పదో శతాబ్దపు ధనంజయుడు దశరూపకంలో స్వేచ్ఛ యిచ్చాడు. దానికి ఉదాహరణ కూడా వున్నది. మాయురాజు తన ఉదాత్తరాఘవంలో రాముడు వాలిని చాటునుంచి చంపిన ఘట్టాన్ని విడిచిపెట్టాడు. స్వేచ్ఛ వున్నదనే మాట సరే. కాని అది ఎవరి పక్షాన వాడిన స్వేచ్ఛ? నాయకుని పక్షాన. వాలి తరఫున అడిగేవాడు లేడు. సూత్రం నాయకుని ఔచిత్యాన్ని కాపాడింది. ప్రతినాయకుని పట్ల న్యాయం సంగతి దాని పరిధిలోకి రాలేదు. మనం అడగవలసింది అక్కడే వున్నది.

2

ఈ విషయంలో ఇంగ్లండు అనుభవం మనకు పనికివస్తుంది. 1199 నుంచి 1216 దాకా ఏలిన జాన్ రాజు కథ తీసుకుందాం. ఆయన కాలంలో 1204లో నార్మండీ చేజారింది. అన్న కొడుకు ఆర్థరు ఆయన చెరలో వుండగా మాయమైపోయాడు. పోపుతో తగాదా పెట్టుకొని, చివరకు 1213లో రాజ్యాన్నే పోపుకు సామంతంగా ఒప్పుకున్నాడు. పన్నులతో, జరిమానాలతో విసిగిన ప్రభువులు 1215 జూన్‌లో రన్నీమీడ్ మైదానంలో ఆయన మెడలు వంచి మాగ్నాకార్టా సాధించుకున్నారు. ఈనాడు జాన్ పేరు చెబితే ఎవరికైనా మొదట గుర్తుకొచ్చేది ఆ పత్రమే.

కాని షేక్స్‌పియరు రాసిన జాన్ రాజు నాటకంలో మాగ్నాకార్టా ప్రసక్తే లేదు! అంతకుముందు, 1530ల చివర, పోపుతో తెగతెంపులు చేసుకున్న ఎనిమిదో హెన్రీ కాలంలో జాన్ బేల్ అనే మతసంస్కర్త ఇదే రాజు మీద నాటకం రాశాడు. అందులో జాన్ క్రూరుడు కాడు. రోము దౌర్జన్యాన్ని ఎదిరించి బలైపోయిన పుణ్యపురుషుడు. షేక్స్‌పియరు నాటికి ఎలిజబెత్ సింహాసనం మీద వున్నది. సింహాసనానికి హక్కు ఎవరిది, విదేశీ దండయాత్ర వస్తే ప్రభువులు ఎవరి పక్షాన నిలబడతారు అనేవి ఆనాటి భయాలు. అంచేత ఆ నాటకంలో ఆర్థరు ప్రధానమయ్యాడు, పత్రం అడుగున పడిపోయింది. పదిహేడో శతాబ్దంలో ఎడ్వర్డ్ కోక్ వంటి న్యాయవాదులు రాజాధికారం మీద పోరాడుతూ ఆ పాత పత్రాన్ని ఆయుధంగా బయటికి తీసిన తరువాతనే దానికి ఇప్పటి వెలుగు వచ్చింది. ఆ వెలుగు ఎంతదాకా పోయిందంటే, 1899లో లండన్‌లో ఇదే నాటకాన్ని ప్రదర్శించిన బీర్బోమ్ ట్రీ, షేక్స్‌పియరు రాయని మాగ్నాకార్టా దృశ్యాన్ని మాటలు లేని మూకదృశ్యంగా మధ్యలో చొప్పించవలసి వచ్చింది. అది లేని జాన్ కథను ఆనాటి ప్రేక్షకుడు ఊహించుకోలేకపోయాడు.

రాజు ఒక్కడే. ఒకసారి వీరుడు, ఒకసారి హక్కులేని రాజు, ఒకసారి ప్రజాస్వాతంత్ర్యానికి తలవంచిన నియంత. దీన్నిబట్టి తేలేదేమిటి? ప్రతి చారిత్రక నాటకానికీ నేపథ్యంగా ఒక చరిత్ర కాదు, రెండు చరిత్రలు వుంటాయి. ఒకటి రాజు బతికిన కాలానిది. రెండోది నాటకం ఆడిన కాలానిది. రెండోదాన్ని చదవకుండా మొదటిదాన్ని మాత్రమే తప్పొప్పులు పట్టడం సగం విమర్శ. అయితే ఇంకొక మాట కూడా చెప్పాలి. ట్రీ చేర్చిన ఆ దృశ్యంతోనైనా కథ పూర్తి కాలేదు. మాగ్నాకార్టా రక్షించింది ప్రధానంగా “స్వతంత్రుడైన” మనిషిని. ఆనాటి ఇంగ్లండులో భూమికి కట్టుబడివున్న దున్నేవాడు ఆ మాట కిందికి రాడు. ప్రభువుకు మరో ప్రభువు తలవంచిన దృశ్యంలో కూడా నాగలి పట్టినవాడు రంగస్థలానికి అవతలే వుండిపోయాడు.

3

ఇక మన నాటకాలు చూద్దాం. వేదం వేంకటరాయశాస్త్రి గారి ప్రతాపరుద్రీయం 1897 నాటిది. చరిత్రలో ప్రతాపరుద్రుడు 1323లో ఓడిపోయి ఢిల్లీకి బందీగా పోతూ దారిలో మరణించాడు. నర్మదా తీరాన మరణించాడని ముసునూరి ప్రోలయనాయకుని విలస శాసనం చెబుతున్నది. నాటకంలో అట్లా జరగదు. మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషంలో ఢిల్లీ చేరి, రాజును విడిపించి, సుల్తానునే పట్టి తెస్తాడు. చరిత్ర తలకిందులైంది. కాని 1897 నాటి ప్రేక్షకుడు పరాయి పాలనలో వున్నవాడని గుర్తుంచుకుంటే, ఆ తలకిందులు చేయడంలోని ఓదార్పు అర్థమవుతుంది. ఎక్కడో దూరాన వున్న బలవంతుడైన పాలకుణ్ణి తెలివితో పట్టి తేవచ్చు అనే ఊహ అతనికి కావాలి. యుగంధరుడు ఢిల్లీ చేరితే ప్రేక్షకుని మనస్సు లండన్ దాకా పోయివుంటుంది.

ఈ స్వేచ్ఛను నేను తప్పు పట్టను. కాని ఒక తేడాను గమనించాలి. ఓడిన రాజును గెలిపించడం ఒక రకం మార్పు. ఓటమికి కారణాన్ని మార్చడం మరొక రకం మార్పు. మొదటిది కల అని చరిత్ర చదివినవాడు ఎవడైనా పోల్చగలడు. రెండోది కలగా కనిపించదు, వివరణగా కనిపిస్తుంది. వివరణ నేరారోపణ కూడా అవుతుంది. అసలు ప్రమాదం ఈ రెండోదానిలో వున్నది.

ఈ రెండో రకపు ప్రశ్న మా సీమకు దగ్గరిది. బళ్ళారిలో న్యాయవాది అయిన కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) గారు చారిత్రక నాటకాన్ని తెలుగులో ఒక శాఖగా పెంచినవారు. ఆయన నాటకాల్లో బాగా పేరుపడ్డది “రామరాజు చరిత్ర”. విజయనగర సామ్రాజ్య పతనం అనేది దాని మరో పేరు. అందులో పఠాను రుస్తుం పాత్ర తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ (1880–1946) గారికి కీర్తి తెచ్చిన పాత్రలలో ఒకటి. 1882 దాకా అనంతపురం ప్రాంతం బళ్ళారి జిల్లాలో భాగమే. 1953 దాకా బళ్ళారి మద్రాసు రాష్ట్రంలోనే వున్నది. కనక ఆ నాటకం మా తాతల నాటకం. దాని వెనుక వున్న చరిత్ర మా కాళ్ళకింది నేల చరిత్ర. రక్కసి తంగడి ఓటమి తరువాత సామ్రాజ్యం వచ్చి తలదాచుకున్నది పెనుగొండలో. 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో వున్నా, అంతకుముందు అది అనంతపురం జిల్లా ఊరే.

4

అసలు రామరాయలు ఎవరు? ఆరవీటి వంశంవాడు. కృష్ణదేవరాయల అల్లుడు గనక కన్నడంలో “అళియ” రామరాయలయ్యాడు. యౌవనంలో కొంతకాలం గోల్కొండ సుల్తాన్ కులీ కొలువులో పనిచేశాడని ఒక గోల్కొండ చరిత్రకారుని కథనం. 1542లో అచ్యుతరాయలు పోయాక జరిగిన వారసత్వపు కలహంలో గెలిచి, సదాశివరాయలను సింహాసనం మీద కూర్చోబెట్టి, అధికారమంతా తన చేతిలో వుంచుకున్నాడు. కాలం గడిచినకొద్దీ సదాశివుడు కాపలాలో వున్న రాజైపోయాడు.

రామరాయల రాజనీతి ఏమిటంటే, ఐదు దక్కను సుల్తానుల తగాదాలలో ఒకసారి ఒకరి పక్షాన, మరోసారి మరొకరి పక్షాన చేరి, ఎవరినీ బలపడనివ్వకపోవడం. బిజాపూరుతో కలిసి అహమ్మదునగరం మీదికి పోయాడు. అంతకుముందు అహమ్మదునగరంతో కలిసి బిజాపూరు మీదికి పోయాడు. అన్నకు భయపడి పారిపోయి వచ్చిన గోల్కొండ రాజకుమారుడు ఇబ్రహీం 1543 నుంచి 1550 దాకా విజయనగరంలోనే ఆశ్రయం పొందాడు. ఆ ఇబ్రహీమే తరువాత మన కవుల నోట “మల్కిభరాముడు” అయినాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానం అంకితం పుచ్చుకున్నది ఆయనే. ఆయన ఉద్యోగి అమీన్‌ఖాన్ పొన్నగంటి తెలగన చేత అచ్చతెనుగు కావ్యం యయాతిచరిత్రను అంకితం పొందాడు. బిజాపూరు అలీ ఆదిల్‌షా స్వయంగా విజయనగరం వచ్చి, రామరాయల భార్య చేత కొడుకుగా మన్నన పొందాడని ఫెరిస్తా రాశాడు. 1565లో రామరాయల మీదికి వచ్చిన వారిలో ఈ “కొడుకూ” వున్నాడు, ఈ మల్కిభరాముడూ వున్నాడు.

రామరాయల సొంత కొలువులో ముస్లిం సేనానులు వున్నారు. ఇది ఆయన కొత్తగా పెట్టిన ఆచారం కాదు. పదిహేనో శతాబ్దంలోనే రెండో దేవరాయలు ముస్లిం సైనికులను చేర్చుకొని, వారికి మసీదు కట్టించి, తన ముందు ఖురాను వుంచుకొని వారి సలాములు అందుకున్నాడని ఫెరిస్తానే చెప్పాడు. 1551లో బేవినహళ్ళిని బ్రాహ్మణులకు అగ్రహారంగా యిచ్చిన శాసనంలో, ఆ దానం కావాలని అడిగిన వ్యక్తి అయినుల్ ముల్కు అనే ముస్లిం సేనాని. ఎదుటి పక్షంలోనూ అంతే. బిజాపూరు కొలువులో మరాఠా సర్దారులు వున్నారు. దీన్ని రెండు మతాల యుద్ధంగా చూపించాలంటే ముందుగా ఈ మనుషులందరినీ రంగస్థలం మీదనుంచి దింపేయాలి.

మరి నలుగురు సుల్తానులు ఏకమెందుకయ్యారు? రామరాయలు ఒక్కొక్కరి కోటలూ తీసుకున్నాడు, ఒక్కొక్కరినీ అవమానించాడు. ముఖ్యంగా పాత చాళుక్య రాజధాని కళ్యాణి విషయంలో ఆయన పట్టుదల, తనను ఆ చాళుక్యుల వారసునిగా చూపుకోవాలనే కోరిక ఈ శత్రుత్వంలో పెద్ద పాలు పంచుకున్నాయని రిచర్డ్ ఈటన్ వంటి ఇటీవలి చరిత్రకారులు చూపించారు. అహమ్మదునగరపు చాంద్‌బీబీని బిజాపూరు అలీకి యిచ్చి పెళ్ళి చేసి, కొత్త పొత్తుకు ముడి వేసుకున్నారు. బీరారు ఆ పొత్తులో చేరలేదు. మతమే కారణమైతే బీరారు ఎందుకు చేరలేదు? గెలిచిన తరువాత ఆ నలుగురు మళ్ళీ ఒకరితో ఒకరు ఎందుకు పోట్లాడుకున్నారు?

1565 జనవరిలో కృష్ణకు దక్షిణాన, రక్కసగి తంగడిగి గ్రామాల దగ్గర యుద్ధం జరిగింది. వృద్ధుడైన రామరాయలు పట్టుబడ్డాడు. హుసేన్ నిజాంషా ఆయన తల నరికించాడు. నిజాంషా ఫిరంగులలో రాగినాణాల సంచులు కూరి దగ్గరనుంచి పేల్చారని ఫెరిస్తా వర్ణించాడు. తమ్ముడు తిరుమల బందీ రాజైన సదాశివుణ్ణీ, ఏనుగుల మీద ఎక్కించిన ధనాన్నీ తీసుకొని పెనుగొండ చేరాడు. విజయనగరం నెలల తరబడి దోపిడికి గురైంది.

5

ఇప్పుడు ద్రోహం సంగతి. రామరాయల సైన్యంలోని ఇద్దరు ముస్లిం సేనానులు యుద్ధం మధ్యలో శత్రువుతో కలిసిపోయారు. అందుకే ఓటమి అనే కథ మనందరం విన్నదే. దీనికి ఆధారం వున్నది. 1567లో విజయనగరంలో కొన్ని నెలలు గడిపిన వెనిసు వర్తకుడు సీజర్ ఫెడరిచి ఆ మాట రాశాడు. యుద్ధం జరిగిన రెండేళ్ళకే అక్కడివారి నోట విన్న మాట గనక దాన్ని కొట్టిపారేయకూడదు. కాని ఓడిపోయిన ఊరిలో ఓటమికి కారణం అడిగితే “మమ్మల్ని గెలిచారు” అని చెప్పేవారికంటే “మమ్మల్ని మోసగించారు” అని చెప్పేవారే ఎక్కువ వుంటారని కూడా మరవకూడదు. ఫెరిస్తా చెప్పిన యుద్ధవర్ణనలో గెలుపు ఫిరంగులది. ఒక సాక్ష్యం ఒకటి చెబుతున్నది, మరో సాక్ష్యం మరొకటి చెబుతున్నది.

ద్రోహం జరిగిందనే ఒప్పుకుందాం. అప్పుడైనా ప్రశ్న తీరదు. ద్రోహం చేసింది ఇద్దరు సేనానులా, ఒక మతమా? జీతానికి వచ్చిన సేనానులు పక్షం మార్చడం ఆ కాలపు సైన్యాలన్నింటిలో వున్న జబ్బు. అంతెందుకు, మల్కిభరాముడూ అలీ ఆదిల్‌షా ఆశ్రయమిచ్చిన ఇంటిమీదికి వచ్చారంటే, వారిచేత అట్లా చేయించినది వారి నమాజు కాదు, వారి రాజ్యం. అదే రాజ్యం రామరాయలచేత తాను కొలిచే సదాశివుణ్ణి బంధింపజేసింది. సొంత ప్రభువును కాపలాలో వుంచినవాణ్ణి నాయకుడనీ, కొలువిచ్చిన ప్రభువును వదిలినవాణ్ణి ద్రోహి అనీ చెప్పేముందు, ద్రోహమనే మాటకు మనం ఒకే కొలత వాడుతున్నామా అని ఆలోచించాలి.

1900లో రాబర్ట్ సూయల్ విజయనగరం మీద ప్రసిద్ధ గ్రంథం వెలువరించాడు. విజయనగరం దక్షిణాదిని ముస్లిం దండయాత్రలనుంచి కాపాడిన హిందూ కోటగోడ అనే చిత్రం ఆ గ్రంథంతో చదువుకున్నవారి మనస్సులలో స్థిరపడింది. దేశాన్ని రెండు మతాల పోరుగా చూపడం తెల్లదొరల పాలనకు అనువైన చూపు. మన దేశభక్తులు కూడా ఆ చూపునే, గర్వం అనే రంగు పూసి, స్వీకరించారు. ఇది ఒక్క నాటకకర్త తప్పుగా చెప్పడం న్యాయం కాదు. ఆ కాలపు రెండో చరిత్ర అది.

అయితే రంగస్థలం ఇక్కడ ఒక వింత పని చేస్తుంది. కాగితం మీద “పఠాను” అనే మాట ఒక జాతిపేరు. నటుని ఒంటిమీదికి వచ్చేసరికి అతడు ఒక మనిషి కావలసి వస్తుంది. రాఘవ వంటి నటుడు “ఇతను ముస్లిం గనక ఇట్లా చేశాడు” అనుకొని రుస్తుం వేషం వేయలేడు. అట్లా అనుకుంటే నటించడానికి ఏమీ మిగలదు. ఇతని మనస్సులో ఏ గాయం వున్నది, ఏ లెక్క వున్నది, ఏ భయం వున్నది అని వెతుక్కోవాలి. పాత్రకు కారణం వెతకడమంటే ఆ పాత్రకు మనిషి హోదా యివ్వడం. ఒక హిందూ న్యాయవాది పఠానుగా జీవించి, ప్రేక్షకుల చేత ఊపిరి బిగబట్టించాడంటే, కళ తనకు తెలియకుండానే నీతి చేసే పని చేసినట్టే. నాటకకర్త కలం కూడా ఇదే పని చేయాలని అడగడం అత్యాశ కాదు.

నా విద్యార్థి ఒకడు ఒకసారి ఒక ప్రశ్న వేశాడు. “సార్, మా వాళ్ళు తంగడిలో మోసం చేసి వుంటే, నేనిప్పుడు ఎవరికి క్షమాపణ చెప్పాలి?” అన్నాడు. వాళ్ళ నాన్న ధర్మవరంలో మగ్గం నేస్తాడు. నాలుగున్నర శతాబ్దాల కిందటి సేనాని ఎవరో, ఈ మగ్గంవాని కొడుకు ఎవరో! “మా వాళ్ళు” అనే మాట వాడికి ఎవరు నేర్పారు? చరిత్ర నేర్పలేదు. చరిత్ర పేరిట మనం ఆడిన ఆట నేర్పింది. చారిత్రక నాటకకర్త అప్పు ఎవరికి తీర్చాలి అన్న ప్రశ్నకు నా మొదటి జవాబు ఈ కుర్రవాడు. చచ్చిన రాజుకు మనం చేయగల మేలూ లేదు, కీడూ లేదు. బతికివున్నవాడికి రెండూ వున్నాయి.

6

రెండో జవాబు ఇంకా వెనుక వరసలో వున్నది. సామ్రాజ్యం ఎట్లా పడిపోయింది అని ఏడ్చేముందు, అది ఎవరి వీపుమీద నిలబడింది అని అడిగామా?

మాది కరువు పీఠభూమి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల. ఇక్కడ రాజ్యమంటే ముందు చెరువు, ఆ తరువాతే కోట. విజయనగర రాజుల కాలంలో ఈ నేల నిండా చెరువులు వెలిశాయి. బుక్కరాయసముద్రం, ధర్మవరం చెరువు, బుక్కపట్నం చెరువు ఇప్పటికీ వున్నాయి. పక్క జిల్లాలో పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించిన ఆ శాసనం ఒక అరుదైన మాట చెబుతున్నది. ఆ చెరువుకు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళు పనిచేశాయట. రాజకుమారుని పేరు వున్నది. వెయ్యిమందిలో ఒక్కరి పేరూ లేదు. అయినా లెక్కయినా పెట్టినందుకు ఆ శాసనకర్త మన నాటకకర్తలకంటే ఒక అడుగు ముందున్నాడు.

పేరు మిగిలిన సామాన్యుడు ఒకడున్నాడు. కొండోజు అనే మంగలి. రామరాయలకు క్షౌరం చేసి మెప్పించి, తనకు మాన్యం కోరుకోకుండా, తన కులంవారి మీద వున్న పన్నులు తీసేయమని కోరాడు. 1540లలో మంగళ్ళ పన్ను రద్దు చేస్తూ పలుచోట్ల వేసిన శాసనాలు ఇప్పటికీ వున్నాయి. ఆ దృశ్యాన్ని ఊహించండి. సామ్రాజ్యాన్ని చేతిలో పెట్టుకున్నవాని గొంతు మీద కత్తి వుంచే హక్కు రాజ్యంలో ఒక్కడికే వున్నది. ఆ ఒక్కడు కత్తి దించి, తన వాళ్ళకోసం అడిగాడు. ఇంతకంటే నాటకీయమైన ఘట్టం రక్కసి తంగడిలో వున్నదా? నేను చూసిన ఏ విజయనగర నాటకంలోనూ ఆ దృశ్యం లేదు. క్షౌరం చేసేవాడి కులంమీద పన్ను వుండేదని ఒప్పుకుంటే స్వర్ణయుగం బంగారు పూత కొంచెం రాలుతుంది గనక కాబోలు.

జనం మాత్రం తమ చరిత్రను వేరుగా దాచుకున్నారు. 1853లో సి.పి. బ్రౌను “రాజుల యుద్ధములు” అనే పేరుతో అచ్చువేయించిన అనంతపుర చరిత్రలో పాలెగాళ్ళ పోరాటాల కథ వున్నది. కాని మా జనం మరవకుండా చెప్పుకునేది ఆ పోరాటాలను కాదు, ముసలమ్మ కథను. బుక్కరాయసముద్రం చెరువు తెగబోతున్నది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలి అయితే ఊరు బతుకుతుందని దేవతవాక్కు. ఆమె గండిలోకి నడిచిపోయింది. 1899లో కట్టమంచి రామలింగారెడ్డి గారు దీన్నే ముసలమ్మ మరణం అనే కావ్యంగా రాశారు. చెరువు కట్టమీద ముసలమ్మకు జనం ఇప్పటికీ మొక్కుతారు. సామ్రాజ్యాధిపతి రామరాయలకు ఈ ప్రాంతంలో మొక్కేవాడు ఒక్కడూ లేడు.

ఈ కథను కూడా మనం కళ్ళు మూసుకొని పొగడకూడదు. చెరువు కట్ట బలహీనపడితే ఊరి పెద్దలెవరూ కాకుండా, ఇంటికి చిన్నకోడలే ఎందుకు పోవలసి వచ్చింది అనే ప్రశ్న ఆ త్యాగం వెనుక గండిలాగానే నోరు తెరుచుకొని వున్నది. కాని కథ ఆ ప్రశ్నను దాచలేదు. చెరువుకు వెల ఎవరు చెల్లించారో పేరుతో సహా చెప్పింది. రాజుల నాటకం చెప్పనిది ఇదే.

7

కొన్ని ఆక్షేపణలు రాకపోవు. నాటకం చరిత్రగ్రంథం కాదు, ప్రతి శాసనాన్నీ అందులో చదివి వినిపించలేము అంటారు. నిజమే. కవికి కల్పన హక్కు లేదని నేను అనడం లేదు. యుగంధరుణ్ణి ఢిల్లీ పంపించండి. కొండోజుకు ఒక భార్యనూ, భాషనూ కల్పించండి. నా అభ్యంతరం కల్పనకు కాదు, కల్పించిన నేరాన్ని బతికివున్నవాళ్ళ నెత్తిన పెట్టడానికి.

మరి ప్రతినాయకుడు లేకుండా నాటకం ఎట్లా నడుస్తుందంటారు. గిరీష్ కర్నాడ్ తన చివరి నాటకం “రాక్షస తంగడి”ని 2018లో కన్నడంలో ప్రచురించాడు. మతయుద్ధపు చట్రాన్ని వదిలి, రామరాయల అధికారకాంక్ష చుట్టూ, దక్కను రాజుల పొత్తులూ పంతాల చుట్టూ కథను నడిపించాడు. నాటకం కుంటుపడలేదు. ప్రతినాయకుణ్ణి వెలుపల వెతకడం మానితే, నాయకుని లోపలే కావలసినంత సంఘర్షణ దొరుకుతుంది.

మూడో మాట మన పక్షంవారికే చెప్పాలి. పాత అబద్ధానికి విరుగుడుగా కొత్త అబద్ధం రాసే ప్రలోభం మనకూ వున్నది. విజయనగరం దోపిడి జరగలేదని, గుళ్ళు పగలలేదని, అంతా సామరస్యమేనని రాస్తే అది కూడా అప్పు ఎగగొట్టడమే. ఆ నగరం నాశనమైంది. హంపీ రాళ్ళు సాక్ష్యం. రామరాయల సేనలు అహమ్మదునగర రాజ్యంలో మసీదులను అపవిత్రం చేశాయని ఫెరిస్తా రాశాడు. ఇవి రెండూ చెప్పాలి. ఒకదానితో ఒకటి రద్దు చేయకుండా చెప్పాలి. రాజును ఉత్త దోపిడీదారుగా, సామాన్యుణ్ణి ఉత్త పుణ్యాత్ముడిగా గీస్తే అది కూడా పౌరాణికమే అవుతుంది, దేవుళ్ళు మారతారంతే. చెరువు తవ్వించినదీ ఆ రాజ్యమే, మంగలి కత్తి మీద పన్ను వేసినదీ ఆ రాజ్యమే. ఈ రెంటినీ ఒకే రాజులో చూపగలవాడే మనకు కావలసిన చారిత్రక నాటకకర్త.

రామరాజును చంపిందెవరు? కత్తి నిజాంషాది. ఆ కత్తిని పిలిచి తెచ్చుకున్నది రామరాజు రాజనీతి. ఆ రాజనీతికి ఖర్చు పెట్టింది రైతూ, మంగలీ, చెరువు మట్టి మోసిన వెయ్యిమందీ. వారు ఆయనను చంపలేదు. ఆయన చావుతో వారు బతికి బట్టకట్టినదీ లేదు. రాజధాని పెనుగొండకు వచ్చింది, తరువాత చంద్రగిరికి పోయింది. పన్ను అడిగే చేయి మారింది. మా నేలమీద కరువులు వస్తూనే వున్నాయి. 1876–78 నాటి మహాకరువు దాకా, ఆ తరువాత కూడా. ఈ కథ రాయడానికి కూర్చునే యువ నాటకకర్తకు నేను చెప్పేది ఒక్కటే. తెర లేపేముందు ప్రేక్షకులకేసి ఒకసారి చూడండి. ముందు వరసలో గర్వపడడానికి వచ్చినవారు వుంటారు. వారిని మెప్పించడం తేలిక. వెనుక వరసలో మగ్గంవాని కొడుకు వుంటాడు, మంగలి కొండోజు వారసుడు వుంటాడు, చెరువు ఎండిపోయి పట్నం వలసపోయిన కూలి వుంటాడు. “ఇది జరిగింది” అని మీరు చెప్పబోయేది వారి ముఖాలు చూస్తూ చెప్పగలిగిందైతే, అప్పుడు తెర లేపండి.